పొట్టేలు మెడలో పెట్టె

మైసయ్య తనకంటే తన పొట్టేలునే ఎక్కువ నమ్మే మనిషి. అది ముందు నడిస్తే మంద నడుస్తుంది, మంద వెనుక ఆయన నడుస్తాడు. అందుకే రెండువేల పదమూడు వానాకాలంలో మేనల్లుడు గోవర్ధన్ మిర్యాలగూడ నుంచి వచ్చి, పనిచేస్తుందో లేదో చూడ్డానికని అరచేతంత పెట్టె ఇస్తే తీసుకెళ్లి పొట్టేలు మెడకు కట్టాడు.

"ఫోన్లు బందైనా ఉపగ్రహం నుంచి దీనికి కబురొస్తది మామా. ఇది ఉన్న జాగకు ముంపుంటేనే మొత్తుకుంటది. నీ దగ్గర్నే పెట్టుకో," అని గోవర్ధన్ చెప్పే వెళ్లాడు.

మొత్తుకుంటది అన్న మాటొక్కటే మైసయ్య చెవికెక్కింది. పాలకీడు అవతల, కృష్ణ ఒడ్డున గుడిసెలో ఉండే భార్యకు గట్టిగా చెప్పాడు: "చంద్రమ్మా, పెట్టె మొత్తుకుంటే నేనే ఉరికొస్త. అందాక గొర్రెపిల్లల్ని ఇడిసిపెట్టి కదలకు."

ఒకరోజు మందను గుట్ట మీదికి తోలాడు. కిందికి చూస్తే నది ఎర్రగా ఒడ్డెక్కుతోంది. సాగర్ గేట్లు ఎత్తినట్టున్నారు. ఇంటికి ఫోన్ చేస్తే కలవలేదు. పెట్టె మాత్రం కిక్కురుమనలేదు. ఇంకేం, భయం లేదనుకుని బీడీ వెలిగించాడు మహానుభావుడు!

గుట్ట కొమ్మున పొట్టేలు తాపీగా నెమరేస్తోంది. దాన్ని చూస్తూ చూస్తూ ఉండగానే మైసయ్యకు ఒక్కసారిగా తట్టింది. పెట్టె గుట్ట మీద ఉంది. గుట్టకు ముంపెక్కడిది? గుడిసె కింద ఉంది. తను చెప్పిన మాట పట్టుకుని ఆమె అక్కడే కూర్చుని ఉంటుంది.

తాడు కోసి, పెట్టె పట్టుకుని పడుతూ లేస్తూ దిగాడు. గుట్ట దిగి పొలాల్లో కాలు పెట్టాడో లేదో, చెవులు చిల్లులు పడేలా అది అరవడం మొదలుపెట్టింది. అప్పటికే నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. మైసయ్యకు ఏడుపొచ్చింది. అరుస్తున్న పెట్టెను తలపైకెత్తి, నడుము లోతు వరదలో గుడిసె వైపు నడిచాడు.

ఆ అరుపు విన్నాకే చంద్రమ్మ బయటికొచ్చింది. రెండు చంకల్లో రెండు గొర్రెపిల్లలు. మిగతావి లేవు. ఆమె భుజం పట్టుకుని గుట్ట మీదికి చేర్చేసరికి ఆయనకు ఊపిరి ఆడలేదు.

"నీళ్లు లోపలికొచ్చినా కూసున్నవేందే?"

"పెట్టె మొత్తుకోలె గద."

మైసయ్య అలవాటు కొద్దీ పెట్టెను మళ్లీ కట్టడానికి తాడు పట్టుకుని పొట్టేలు వైపు నడిచాడు.

"దానికెందుకయ్యా?" అంది చంద్రమ్మ. "నీళ్లొస్తే అది ఎవల్నీ అడగకుండ గుట్టెక్కుతది. నువ్వు చెప్పంది కదలనిదాన్ని నేను. నా మెడల కట్టు."

మైసయ్య పెట్టె తాడుతో ఆమె మెడలో రెండోసారి ముడి వేశాడు.