తప్పు మాటలది కాదు

నజ్మీన్‌ది ప్రత్తిపాడు. మంగళగిరిలో ఒక చిన్న కంపెనీ తయారుచేసే తెలుగు టైపింగ్ ఎడిటర్‌కు ప్రోగ్రాం రాస్తుంది. అక్షరదోషాలు పట్టడానికి అందులో ఒక నిఘంటువు ఉంది. రంగు పోయిన మిరపకాయను తాలుకాయ అంటారు. మిరప కల్లాల్లో విన్న అలాంటి మాటలన్నీ ఆమె అందులో చేరుస్తూ వచ్చింది. మాటలు పెరిగేకొద్దీ ఎడిటర్ నెమ్మదించింది. స్పేస్ కొడితే కర్సర్ ఆగి ఆగి కదులుతోంది.

"మీ కల్లం మాటలు తీసేయ్ నజ్మీన్. తాలుకాయల్ని ఎవరు టైపు చేస్తారు?" అన్నాడు టీమ్ లీడర్ చైతన్యకృష్ణ.

"తాలు ఏరేముందు కల్లంలో కూడా కాయను తిప్పి చూస్తారండి. సాయంత్రం దాకా ఆగండి."

ప్రొఫైలర్ నడిపి, ఏ పనికి ఎంత సమయం పోతోందో చూసింది. మాటను వెతకడానికి దాదాపు ఏమీ పట్టడం లేదు. స్పేస్ కొట్టిన ప్రతిసారీ ప్రోగ్రాం నిఘంటువు మొత్తాన్నీ మళ్లీ అకారాదిగా పేరుస్తోంది. ఎడిటర్ తెరిచినప్పుడు ఒక్కసారి పేరిస్తే చాలు. అలా మార్చింది.

సాయంత్రం చైతన్యకృష్ణ వచ్చి, నిలబడే ఒక పేరా టైపు చేశాడు. కర్సర్ ఎక్కడా ఆగలేదు.

"ఎన్ని తీసేశావు?"

"ఒక్కటీ తీయలేదండి."

"సరే, ఉండనీ," అంటూ అతను వెళ్లిపోయాడు.

నజ్మీన్‌కు మాత్రం ఒక సంగతి తోచి మనసు కలుక్కుమంది. పొద్దున్నే ఆ మాటలు తీసేసి ఉంటే ఎడిటర్ వేగం కొంత పెరిగేదే. తప్పు వాటిదేనని అందరూ నమ్మేవాళ్లు, తనతో సహా.