బండిలో నా బొంత

మా చిన్నప్పుడు... తెల్లారగానే అమ్మ నన్ను లేపి, తలకు చమురు రాసి, ఎద్దులబండి ఎక్కించింది.

“యాడికిమా?”

“మీ జేజి కాడికి. కొట్టాలు చూసి మాపటికి వచ్చేద్దాం.”

బండిలో సద్దిమూట పక్కన నా బొంత చుట్టి ఉంది. పుట్టుకతోనే నాకు దిగులెక్కువ.

“మాపటికి వచ్చేదానికి బొంత ఎందుకుమా?”

“అన్నీ అనుమానాలే నీకు! కింద చెక్క ఒత్తుకోదా?”

కడప కొండల వెనక నాలుగైదు బోదగడ్డి కప్పిన కొట్టాలు... అదే ఊరు. మా జేజినాయన వాళ్ళే ముళ్ళకంప కొట్టి, రాళ్ళు ఏరి, బావి తవ్వి, అక్కడ మొదటి పొయ్యి వెలిగించారట. జేజి, అంటే మా అవ్వ, నా చెయ్యి పట్టుకుని బావి గట్టు రాళ్ళన్నీ తడిమి చూపించింది. బావిలోకి తొంగిచూసి వెనక్కి తిరిగేసరికి బండి లేదు... బొంత మాత్రం అరుగు మీద ఉంది.

జేజికి చూపు ఆనదు, తోడు కావాలట. చెబితే ఏడుస్తానని నాకు చెప్పలేదు. అమ్మ మళ్ళీ వచ్చేసరికి నా పావడా మోకాళ్ళ పైకి వచ్చింది...

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే... నేను ఒమాన్‌లో, సహం అనే ఊళ్ళో ఒకరింట్లో వంట చేస్తాను. మొన్న శుక్రవారం మేడమ్ “గావ్ దేఖో, షామ్‌కో వాపస్” అంది. వాళ్ళ అత్తగారి ఊరు చూసి సాయంత్రానికి వచ్చేద్దామని. ఎన్నడూ పిలవని మనిషి పిలిచిందని మంచి చీర కట్టుకున్నాను. సార్ కారు తీశాడు. ఎక్కబోతే వెనక నా బొంత...

“మేడమ్, యే క్యోం?”

“ఏసీ ఠండా హై నా!” అని నవ్వింది. ఏసీకి చలేస్తుందట.

కొండల మధ్య సగం కూలిన మట్టి ఇళ్ళు. ఖర్జూరపు చెట్ల కింద సన్నటి కాలువ. అత్తగారిని అందరూ జద్దా అంటారు, అంటే అవ్వ. ఆమె నా చెయ్యి కాలువలో ముంచి ఏదో చెప్పింది. వాళ్ళ పెద్దలు కొండ తొలిచి ఈ నీళ్ళు తెచ్చాకే ఊరు పుట్టిందని మేడమ్ హిందీలో చెప్పి లేచింది. అచ్చం జేజి బావి నీళ్ళ చల్లదనం... అంతలో కారు చప్పుడు.

“మేడమ్! మై?” మరి నేనో అంటూ పరుగెత్తాను.

మేడమ్ అద్దం దించి, “జద్దా అకేలీ హై. కుఛ్ దిన్, బస్” అంది. ఒంటరిది, కొన్నాళ్ళు ఉండమని. అంతే, పోయారు.

ఇంట్లో పెద్ద పళ్ళెం నిండా అన్నం, మాంసం. కొడుకూ కోడలూ తిని పోతారనుకుంది జద్దా. పాపం, ఆమెకూ చెప్పలేదు... ఆ పళ్ళెం ముందు ఇద్దరమే కూర్చున్నాం.

పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. వచ్చే నెల ఊరికి పంపుతామన్న మాట కూడా ఇలాంటిదేనేమో... కాలువ గట్టు మీదే సిగ్నల్ వస్తుంది. రోజూ వచ్చి ఫోన్ చూసుకుంటున్నాను.

అప్పుడు నేనేడిస్తే జేజి ఒళ్ళో పడుకోబెట్టుకునేది. ఇప్పుడు జద్దాకి నా ఒళ్ళే దిండు...

మిమ్మల్నీ ఎవరైనా ‘చూసొద్దాం రా’ అని తీసుకెళ్ళి వదిలేశారా? రాయండి. మళ్ళీ తీసుకెళ్ళడానికి వచ్చారా, లేదా... అది మాత్రం తప్పకుండా రాయండి.