"ఏదో నడుస్తోందండీ" అనే సోమశేఖరం గారు

డాక్టర్ చల్లా సోమశేఖరం గారు క్రిందటి నెల చివరి శుక్రవారం ఉదయం, ఇంట్లోనే, గుండెపోటుతో పరమపదించారు. ఆ వార్త అందే సమయానికి నేను సన్నీబ్యాంక్‌లో కూరల కొట్టు ముందు నిలబడి లేత దొండకాయలు ఏరుతున్నాను. ఫోన్ చేసింది కావ్య, ఆయన ప్రయోగశాలలో పరిశోధన చేసిన అమ్మాయి. "అంకుల్, సోము అంకుల్... హీ ఈజ్ గాన్" అని ఆగిపోయింది. నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి బలమైన కారణమే ఉంది. సోమశేఖరం గారు జన్మలో వరస తప్పి ఎరగరు. ఈ బ్రిస్బేన్ నగరంలో ఆయన కన్నా పెద్దవాళ్ళు, ఆయన కన్నా కొవ్వు పట్టినవాళ్ళు, డాక్టర్లు తిట్టీ తిట్టీ అలిసిపోయినవాళ్ళు, నాతో సహా, ఇంతమందిమి బారులు తీరి ఉండగా, మా అందరినీ దాటుకుని ముందుకు వెళ్ళిపోవడం ఆయన స్వభావానికి పూర్తిగా విరుద్ధం.

ఆయనను గుడిలో, ఉగాది సభలో చూసి నమస్కారం పెట్టినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆయన ఏం చేసేవారో తెలిసినవాళ్ళు తక్కువ. అడిగితే "యూనివర్సిటీలో ఏదో మిషన్ తిప్పుతానండీ" అనేవారు. పిండిమిషన్ అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అసలు సంగతి ఏమిటంటే, మా విశ్వవిద్యాలయంలో ఏ ఒక్క శాఖా సొంతంగా కొనుక్కోలేని మహాయంత్రాలన్నీ ఒకే చోట చేర్చి, అందరూ వాడుకునేలా ఒక ఉమ్మడి ప్రయోగశాల పెట్టారు. దానికి అధిపతి సోమశేఖరం గారు. పళ్ళ డాక్టర్లు, బ్యాటరీలవాళ్ళు, మట్టివాళ్ళు, మామిడి తొక్క మీద మచ్చలెందుకు వస్తాయని జీవితం ధారపోస్తున్న నాలాంటి వ్యవసాయ శాస్త్రజ్ఞులు, అందరం ఆయన గుమ్మంలోనే నిలబడాలి.

అక్కడి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును మొదటిసారి చూసినప్పుడు నాకు దేవుడి రథం గుర్తొచ్చింది. దాని పక్కన ఏనుగును నిలబెడితే పాపం ఏనుగే చిన్నబుచ్చుకుంటుంది. అంత యంత్రమూ చీమ కంట్లో నలుసును చూపించడానికే. ఆ గదిలో అడుగు పెట్టాలంటే తలకు టోపీ, కాళ్ళకు తొడుగులు, ఒంట్లో కించిత్తు భయం ఉండాలి. ఒకసారి నేను ఆ గదిలో తుమ్మాను. సోమశేఖరం గారు క్వీన్స్‌లాండ్ విజ్ఞానశాస్త్రం మొత్తం పాతిక సంవత్సరాలు వెనక్కి పోయిందన్నట్టు నా వైపు చూసి, గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టారు. ఆనాటి నుంచి నాకు ఆ భవనంలో తుమ్ము రాలేదు.

ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. ప్రపంచంలో మరే ప్రయోగశాలలోనూ ఉండదని నా నమ్మకం. మన వంతు కోసం ఎదురుచూసేవాళ్ళం బయట కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకోవడం నిషిద్ధం. లోపలికి వెళ్ళి, ముందువాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ సాంపిల్ చూడాలి. "మీ పని ఎలాగూ మీకు తెలుసు కదండీ, పక్కవాళ్ళది చూడండి" అనేవారు. అలా నేను లెక్కలేనన్ని పాలపళ్ళు చూశాను. కావ్య నా మామిడి తొక్కలు చూసింది. చంటిపిల్లల పాలపళ్ళు ఎందుకు చిట్లుతాయన్నది కావ్య పరిశోధన. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా ఇంటి వెనక వీధిలోనే పుట్టి పెరిగినా, తను అంత చక్కగా ఆలోచిస్తుందని నాకు తెలిసింది మాత్రం ఆ కుర్చీలోనే.

ఇక్కడ గ్రేమ్ గురించి చెప్పాలి. బ్యాటరీల ప్రొఫెసర్. ఆరడుగుల పైన మరో అడుగు ఉంటాడు. విశ్వవిద్యాలయం ఆయన కుడి అంటే కుడికి, ఎడమ అంటే ఎడమకు తిరుగుతుంది. ఒక రోజు మధ్యాహ్నం ఆయన విదేశీ అతిథులను వెంటబెట్టుకుని ఆర్భాటంగా దిగాడు. అప్పుడు కావ్య వంతు నడుస్తోంది. "సోమ్, మేట్, జస్ట్ పది నిమిషాలు. పిల్ల సాయంత్రం మళ్ళీ వస్తుందిలే" అన్నాడు. కావ్య భయపడి లేచి నిలబడింది. సోమశేఖరం గారు "కూర్చోమ్మా" అని, గ్రేమ్ వైపు తిరిగి, "ప్రొఫెసర్, ముందు ఈ అమ్మాయి పన్ను, తర్వాత మీ బ్యాటరీ. ఈలోగా కుర్చీలు వేయిస్తాను" అన్నారు. వేయించారు కూడా. విదేశీ అతిథులు, గ్రేమ్, అందరూ కాళ్ళకు తొడుగులతో వరసగా కూర్చుని పాలపన్ను చూశారు. మొదట మొహం మాడ్చుకున్న గ్రేమ్ కాసేపటికి ముందుకు వంగి, "ఆ పగులు అక్కడ ఎందుకు ఆగింది?" అని అడిగాడు. కావ్య చెప్పింది. బ్యాటరీల సంగతి ఆ రోజు అందరూ మరచిపోయారు.

ఇంత మనిషికి ఒక లోపం ఉంది. ప్రశంస ఆయన నోట్లోంచి రాదు. నా తపస్సు ఫలించి ఒకసారి మామిడి తొక్క మీది మచ్చ అద్భుతంగా చిత్రంలో పడింది. తాజ్‌మహల్ కూడా ఆ కోణంలో అంత బాగా పడదు. "ఎలా ఉందండీ?" అన్నాను. ఆయన చాలాసేపు చూసి, "పర్లేదు" అన్నారు. "పర్లేదు కానీ" అనలేదు కదా, అదే పద్మభూషణమనుకుని ఇంటికి వెళ్ళాను. తన గురించీ, తన ప్రయోగశాల గురించీ అంతే. పిఠాపురంలో వాళ్ళింట్లో పదహారు రకాలు వండి విస్తట్లో వేసి, "ఏదో పచ్చడి మెతుకులండీ" అనేవారట. ఆ పచ్చడి మెతుకుల సంప్రదాయాన్ని ఆయన యథాతథంగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు వర్తింపజేశారు. ఎవరు ఎప్పుడడిగినా ఒకటే సమాధానం: "ఏదో నడుస్తోందండీ."

ఆ మాటే నిరుడు ప్రాణాల మీదికి తెచ్చింది. ఉమ్మడి ప్రయోగశాలను రద్దుచేసి యంత్రాలను శాఖలకు పంచేస్తే ఎలా ఉంటుందో తేల్చమని విశ్వవిద్యాలయం ఒక కమిటీ వేసింది. పంపకాలు జరిగితే పెద్ద మైక్రోస్కోపు గ్రేమ్ శాఖకు పోతుంది. పళ్ళవాళ్ళకు ఏమీ రాదు. కావ్య పరిశోధన సగంలో ఆగిపోతుంది. నా మామిడి తొక్కలను భూతద్దంతో చూసుకోవలసిందే. కమిటీ అధ్యక్షురాలు సోమశేఖరం గారిని పిలిచి, "మీ ప్రయోగశాల ఎలా పనిచేస్తోంది?" అని అడిగింది. ఆయన చేతులు కట్టుకుని, వినయంగా, ఇంగ్లీషులో, "ఏదో మేనేజ్ చేస్తున్నామండీ. నథింగ్ గ్రేట్" అన్నారు. ఆవిడ అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. ఈ దేశస్థులు కూడా స్వర్గం చూపిస్తే "నాట్ బ్యాడ్" అనే జాతే. కానీ కమిటీలో కూర్చోగానే ఆ సంగతి మరచిపోతారు. నడిపే మనిషే గొప్పగా లేదంటున్నాడు కాబట్టి పంచేయడమే ఉత్తమమన్నది కమిటీ తొలి అభిప్రాయం.

"నేను మర్యాదకన్నానండీ!" అన్నారు సోమశేఖరం గారు నాతో. "నేను ఊరికే మర్యాదకన్న మాటకి ఆ అమ్మాయి చదువు పోతుందా మూర్తిగారూ?"

ఆఖరి నిర్ణయానికి ముందు ఇంకొక్కసారి మాట్లాడే అవకాశం ఇచ్చారు. ఆ శనివారం ఆయన భార్య అన్నపూర్ణ గారిని తీసుకుని సన్నీబ్యాంక్ ఫుడ్ కోర్టులో నన్ను కలిశారు. "గొప్పలు చెప్పుకోవడం నేర్పండి. ఈ ఊళ్ళో ఆ విద్యలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరని అందరూ అంటారు" అన్నారు. అప్పటిదాకా ఆయన నోట నేను విన్న ఏకైక ప్రశంస అదే. నూడుల్స్ చల్లారిపోతున్నా లెక్కచేయక శిక్షణ ఆరంభించాను.

"దక్షిణార్ధగోళంలో ఇలాంటి ప్రయోగశాల లేదు అనండి."

"మెల్‌బోర్న్‌లో ఉందండీ."

"పోనీ, బ్రిస్బేన్‌లో లేదనండి."

"నదికి అవతలి యూనివర్సిటీవాళ్ళది కూడా బాగానే ఉంటుందండీ."

"పోనీ సార్, మా భవనంలో లేదనండి!"

"పై అంతస్తులో లేజర్ గది ఉంది కదండీ. ఆ కుర్రాడు శుభ్రంగా ఉంచుతాడు."

అన్నపూర్ణ గారు నెత్తి కొట్టుకున్నారు. "అన్నయ్యగారూ, మీకెందుకీ శ్రమ? పెళ్ళిచూపుల్లో మా నాన్నగారు ఉద్యోగం ఏమిటని అడిగితే ఈయన 'ఏదో ఉందండీ' అన్నారు. నిరుద్యోగి అనుకుని మా నాన్న సంబంధం వద్దన్నారు. మా మేనమామ వెళ్ళి ఆఫీసు చూసి వస్తే గానీ నా మెళ్ళో తాళి పడలేదు."

"మరి చేసుకున్నావుగా" అన్నారాయన.

"ఏదో నడుస్తోంది" అన్నారావిడ.

రెండో సమావేశానికి నేను, కావ్య, గ్రేమ్ కూడా వెళ్ళాం. అధ్యక్షురాలు మళ్ళీ అదే ప్రశ్న వేసింది. సోమశేఖరం గారు లేచారు. గొంతు సవరించుకున్నారు. నేను బల్ల కింద చేతులు జోడించి ఇష్టదైవాలందరినీ ఒకేసారి పిలిచాను. ఆయన నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "ప్రయోగశాల గురించి నాకు చెప్పడం రావడం లేదు. ఈ అమ్మాయి గురించి చెప్పవచ్చా?" అన్నారు.

ఇక అక్కడి నుంచి ఆయన ఆగలేదు. పాలపన్నులో పగులు ఎక్కడ మొదలవుతుందో, అది కావ్య కంటే ముందు ఎవరూ ఎందుకు చూడలేకపోయారో చెప్పారు. చెబుతుంటే ఆ అమ్మాయి తల వంచేసుకుంది. తర్వాత నా మామిడి తొక్క. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది ఇంత గొప్ప పనా అని నాకే విస్మయం కలిగింది. తర్వాత మట్టివాళ్ళు. ఆ తర్వాత గ్రేమ్ బ్యాటరీలు. తన యంత్రాన్ని పట్టుకుపోబోతున్న మనిషి పనిని ఆయన వర్ణించిన తీరులో కించిత్తు లోభం లేదు. నేను జీవితంలో ఎన్నో గొప్పలు విన్నాను, అంతకన్నా ఎక్కువ చెప్పాను. ఆ రోజు విన్న గొప్పల్లో పెంచింది ఒక్కటీ లేదు.

అధ్యక్షురాలు కలం కింద పెట్టింది. "ప్రొఫెసర్, యంత్రం మీ శాఖకు వస్తే ఈ పళ్ళ పరిశోధన సంగతి ఏమవుతుంది?" అని గ్రేమ్‌ను అడిగింది.

గ్రేమ్ కావ్య వైపు తిరిగాడు. "ఆగిపోతుంది" అన్నాడు. "ఆ పగుళ్ళు నేను చూశాను. పక్కన కూర్చుని చూశాను. నా గదిలో తాళం వేసుకుంటే నాకు కనిపించేది నా బ్యాటరీలే. లీవ్ ఇట్ వేర్ ఇట్ ఈజ్."

ప్రయోగశాల ఉమ్మడిగానే ఉండాలని తీర్మానం జరిగింది. బయటికి వచ్చాక కావ్య ఏడుస్తూ, "అంకుల్, వై డిడ్‌న్ట్ యు ఎవర్ టెల్ మీ?" అంది. ఆయన కంగారుపడి, "రేపు పొద్దున నీ వంతు కదమ్మా, త్వరగా రా" అని వెళ్ళిపోయారు.

కావ్య పరిశోధన పూర్తయ్యేదాకా ఆయన ఉన్నారు. పట్టా పుచ్చుకునే రోజుకు లేరు.

అంత్యక్రియల రోజున శ్మశానవాటికలోని ప్రార్థనామందిరం వచ్చినవాళ్ళకు చాలలేదు. మట్టివాళ్ళు, పళ్ళవాళ్ళు, లేజర్ గది కుర్రాడు, అందరూ వచ్చారు. అన్నపూర్ణ గారికి నేనూ కావ్యా తప్ప వాళ్ళెవరూ పరిచయం లేరు కదా, ఎవరెవరో చెబుదామని నేను పక్కన నిలబడ్డాను. నా అవసరం రాలేదు. ఆవిడ ఒక్కొక్కరి మొహం చూసి, పేరు వినగానే, వాళ్ళ పనేమిటో తనే చెప్పడం మొదలుపెట్టారు. ఎవరి సాంపిల్ ఏదో, ఎవరికి ఏ సంవత్సరం ఏ ఫలితం వచ్చిందో. రోజూ అన్నం తినేటప్పుడు ఆయన చెప్పేవారట. వినీ వినీ ఆవిడకు కంఠతా వచ్చేసింది.

గ్రేమ్ వంతు వచ్చింది. ఆయన వంగి చెయ్యి కలిపాడు. అన్నపూర్ణ గారు ఇంగ్లీషులో, "బ్యాటరీ ప్రొఫెసర్ కదూ? అంత నిలకడ చెయ్యి ఇంకెవరికీ లేదని అనేవారు మా ఆయన" అన్నారు.

"నాతో ఒక్కసారి కూడా అనలేదు" అన్నాడు గ్రేమ్.

ఆవిడ కావ్య వైపు తిరిగి, "మొహం మీద పొగిడితే దిష్టి తగులుతుందని ఆయన భయం. ఆ మాట ఈయనకి ఎలా చెప్పాలో చెప్పమ్మా" అన్నారు. కావ్య ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టి, సగంలో ఆపేసి, ఆ ఏడడుగుల మనిషి చెయ్యి పట్టుకుంది.

సోమశేఖరం గారి స్థానానికి మనిషి కావాలని ప్రకటన వచ్చింది. అర్హులు దొరుకుతారు. యంత్రం తిప్పడం ఎవరైనా నేర్చుకుంటారు, వరస కూడా పాటిస్తారేమో. మనల్ని గురించి మన వెనకాల నాలుగు మాటలనేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. కానీ మన వెనకాల, మనకు తెలియకుండా, ఇంట్లో అన్నం ముందు కూర్చుని, ప్రతి రోజూ మన మంచి చెప్పుకునే మనిషి ఉండేవాడని ఆయన పోయాక గానీ మాకెవరికీ తెలియలేదు. ఆ మహనీయుడికి మా అందరి నమస్కారం. ఆయన వినడం లేదు కనుక ధైర్యంగా అంటున్నాను: అంతటివాడు మళ్ళీ రాడు.