పెదనాయన కత్తి, మా తల్లి పంది నెత్తురు

పశువుల డాక్టరు పరీక్ష పాసయ్యానన్న కబురు మోసుకుని గిద్దలూరు స్టేషన్లో దిగేసరికి నా కాళ్ళు నేల మీద లేవు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎంతో కాలం కాలేదు. మా వైపు తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. మా పేటలో అందరం పందులు మేపుకుని, బుట్టలల్లుకుని బతికేవాళ్ళం. అక్కడ డిగ్రీ అన్న మాట నాతోనే మొదలు. అందుకే దారిలో ఎదురైన ప్రతివాళ్ళనూ ఆపి చెప్పాను.

సోడాలమ్మే ఆయన నవ్వాడు. "అయితే పందుల డాక్టరువన్న మాట."

"అవును మామా, పందుల డాక్టర్నే. మీ బర్రెకు బాగలేకపోయినా నాకే కబురుపెట్టు."

పేటలోకి వస్తే నా కబురు వినే చెవి లేదు. పందులకు జాడ్యం తగిలింది. మా పెదనాయన దొడ్లో పందులు మేత ముట్టకుండా, ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. చెవుల మీద, పొట్ట కింద ఊదారంగు మచ్చలు. లేపితే వెనక కాళ్ళు తూలుతున్నాయి. స్వైన్ ఫీవర్. మందు లేని వైరస్ జ్వరం. మొన్నటిదాకా పుస్తకంలో చదివింది మా పేటలో కళ్ళ ముందు పడి ఉంది.

పెదనాయన పేటకు పెద్ద. చిన్న కత్తి పట్టుకుని దొడ్డి దొడ్డికీ తిరుగుతున్నాడు. మావాళ్ళ పద్ధతి అది. జాడ్యం వస్తే పంది చెవి కొన కోసి చెడ్డ నెత్తురు వదిలిస్తారు. రోగమున్నవాటికే కాదు, రాకుండా ఉండాలని బాగున్నవాటికీ కోస్తారు. అన్నిటికీ ఒకటే కత్తి. తుడిచేది పంచెకే.

మా దొడ్లో ఒక తల్లి పంది, పాలు మరిచిన దాని పిల్లలు ఉన్నాయి. కిందటిసారి ఇదే జాడ్యం వచ్చి మా మందంతా పోయి ఆ తల్లి ఒక్కటే గట్టెక్కింది. ఆ తర్వాత ఈనిన పిల్లలే ఇవి. నాయన లేని ఇంట్లో అమ్మకున్న ఆధారమంతా వాటి మీదే. వాటి చెవులు కోయడానికి పెదనాయన వస్తున్నాడు.

నేను దొడ్డి వాకిట్లో అడ్డంగా నిలబడ్డాను.

"ఆ కత్తి లోపలికి రాదు పెద్నాయనా. రోగాన్ని ఒకదాన్నించి ఇంకోదానికి నువ్వే మోస్తాండావు."

"ఏందిరా, నీ చదువు తిరిగి తిరిగి నా మీదికే వచ్చిందా? మీ తాత కోసినాడు, మీ నాయన కోసినాడు."

"కోసినారు. మంద బతికిందా?"

ఆయన ముఖం ఎర్రబడింది. అమ్మ బుట్ట దించి నా పక్కకొచ్చింది. "వాడి మాట తప్పయితే పోయేవి నా పందులే గదా బావా. పోనీ."

"సరే, నీ గొప్పేందో చూపించు" అన్నాడు పెదనాయన.

నా ట్రంకు పెట్టెలోంచి గాజు పలకలు, సూదులు తీశాను. ఆయన దొడ్లో పడి ఉన్న పంది నుంచి ఒక చుక్క, మా పంది పిల్లల్లో ఒక్కొక్కదాని నుంచి ఒక్కో చుక్క నెత్తురు, ఒక్కోదానికి ఒక్కో సూదితో తీసుకున్నాను. ఆయన్ని వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచాను.

అక్కడి డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. "పంది నెత్తురు నా బల్ల మీద పెడతావా?"

"కడిగిస్తాను సార్. అయినా బల్ల గవర్నమెంటుది."

ఆయన చుట్ట వెలిగించుకుని వరండాలోకి పోయాడు. అదే అనుమతి అనుకున్నాను.

పలకల మీది నెత్తురుకు రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద ముందు మా పిల్లలవి పెట్టాను. పెదనాయన ఒక కన్ను మూసి వంగాడు.

"వంకాయరంగు చుక్కలు ఆడాడ ఉండాయి. ఏంది ఇవి?"

"తెల్లకణాలు. ఒంటికి కాపలా. ఇప్పుడు నీ పందిది చూడు."

పలకను అటూ ఇటూ జరుపుతూ ఆయన చాలాసేపు వెతికాడు. "యాడా కనపడవే. ఆ, ఒకటుండాది. మిగతావి ఏడబోయినాయిరా?"

"ఈ రోగం ముందు కాపలావాళ్ళనే చంపుతాది. తర్వాత ఇల్లు దోచుకుంటాది. ఉన్న నాలుగింటిని నువ్వు చెవి కోసి బయటికి పోస్తాండావు."

మా పిల్లల్లో కాపలా ఇంకా నిండుగా ఉంది, అంటే రోగం వాటికింకా అంటినట్టు లేదు. నాకు కావలసింది అదే.

ఇంటికొచ్చి తల్లి పందిని కట్టేసి, ఉడకబెట్టిన సూదితో దాని నెత్తురు సీసాల్లోకి తీశాను. తెల్లకణాల్లో కొన్ని ఒకసారి చూసిన శత్రువును గుర్తుపెట్టుకుంటాయని చాలా తర్వాత చదివాను. అప్పటికి తెలిసింది ఒక్కటే, గట్టెక్కిన పంది నెత్తురులో విరుగుడు ఉంటుందని.

పెదనాయన గోడ మీదుగా చూస్తున్నాడు. "నా కత్తి వద్దంటివి. నువ్వూ నెత్తురే తీస్తివి గదరా."

"నువ్వు నేల మీద పోసినావు. నేను పిల్లలకు పోస్తాండా."

నెత్తురు గడ్డ కట్టింది. పైన తేరిన, విరుగుడుండే పసుపుపచ్చ నీటిని సిరంజిలోకి లాగి పిల్లలకు పొడిచాను. అది చాలుతుందో లేదో నాకు తెలియదు. ఆ మాట అమ్మకు చెప్పాను. "చాలకపోతే చాలలేదు. కాళ్ళు ముడుచుకుని కూచోలేదు గదా" అంది. దొడ్డి చుట్టూ సున్నం చల్లాం. బయటివాళ్ళను రానివ్వలేదు. ఊళ్ళోంచి తెచ్చిన కుడితి మరగకాచి పోశాం. పేటంతా మమ్మల్ని చూసి నవ్వింది.

జాడ్యం పేటలో చాలా దొడ్లు ఖాళీ చేసి పోయింది. మా పిల్లలు మాత్రం మేతకు కొట్లాడుకుంటూనే ఉన్నాయి. తెల్లారితే అమ్మ దొడ్డి వాకిలి బార్లా తెరిచేది, పేటంతా చూడాలని.

ఒకరోజు పెదనాయన తాడుకు కట్టిన పందితో వచ్చాడు. బక్కచిక్కి ఎముకలు బయటపడ్డాయి గానీ కళ్ళలో కాంతి ఉంది. ఆయన మందలో మిగిలింది అదొక్కటే.

"ఇది చచ్చి బతికింది. దీని నెత్తురు గూడా పనికొస్తాదా?"

"బలం పుంజుకున్నాక వస్తాది."

"అయితే దీని చెవి నేను ముట్టను. నువ్వే చూసుకో. నేను ఒప్పుకున్నానని మాత్రం అనుకోబాక."

"అనుకోను పెద్నాయనా."

తాడు నా చేతిలో పెట్టి రెండడుగులు వేసి ఆగాడు.

"ఇంతకీ ఏందో పాసయినావంట గదా. కూచో, మొదట్నించీ చెప్పు."