ఊపిరితో పరిచే బంగారం

నానో టెక్నాలజీని కనిపెట్టింది మా నాయనమ్మ కినుయె. శాస్త్రవేత్తలు తీరిగ్గా తర్వాత వచ్చి దానికి పేరు పెట్టారు, అంతే.

నమ్మకపోతే మా బంగారు రేకుల ఊరు కనజావా వచ్చి చూడండి. నాయనమ్మ వెదురు పటకారుతో బంగారు రేకు ఎత్తి, తోలు పలక మీద వేసి, నడిమధ్యన ‘ఫూ’ అని ఒక్కసారి ఊదుతుంది. ముడతలన్నీ పోయి రేకు నీళ్లలా పరుచుకుంటుంది. రేకు ఎగిరిపోతుందని ఎండాకాలంలో కూడా ఆ గదిలో ఫ్యాను తిరగదు. ఎదురు చాప మీద మా పక్కింటి మిత్సుయో గారిదీ అదే పని. నలభై ఏళ్లుగా ఎదురెదురుగా ఊదుకుంటున్నా ఒకరి ఊపిరి ఒకరికి గిట్టదు.

పోయిన శీతకాలం విశ్వవిద్యాలయం నుంచి హతానో టీచరమ్మ వచ్చింది. చేతిలో చిన్న సీసా, అందులో ఎర్రటి నీళ్లు.

“ఇందులో ఉన్నదీ బంగారమేనండీ.”

“జబ్బు చేసిన బంగారమా?” అంది నాయనమ్మ.

టీచరమ్మ నవ్వి విడమరిచి చెప్పింది. చదువు మధ్యలో మానేసిన నాకే అర్థమైందంటే బాగానే చెప్పినట్టు. తలవెంట్రుక మందాన్ని ఎనభై వేల పాళ్లు చేస్తే ఒక పాలు దాదాపు ఒక నానోమీటరు. అంత చిన్నవైతే వస్తువుల గుణాలే మారిపోతాయి. ఇరవై నానోమీటర్ల బంగారు నలుసులు నీళ్లలో ఎర్రగా కనిపిస్తాయి. ఫ్లూ పరీక్ష పట్టీ మీద తేలే ఎర్రగీత చాలావరకు వీటి చలవే. మందును నేరుగా కణితి దగ్గరికి మోయడానికీ ఇలాంటి నలుసులను వాడి చూస్తున్నారట.

“మరి నా రేకో?”

“సుమారు నూరు నానోమీటర్ల మందం ఉంటుందండీ.”

నాయనమ్మ ఆ సీసాను సవతిని చూసినట్టు చూసింది.

అసలు కడుపుమంట ఆ తర్వాత రగిలింది. రేకు మందం కచ్చితంగా కొలవడానికి, దాన్ని గాజు పలక మీద ముడత లేకుండా పరిచే మనిషి కావాలని టీచరమ్మ మిత్సుయో గారిని తన ప్రయోగశాలకు పిలిచింది. ఏటా గోడ దాటి ఆవిడకు వెళ్లే టర్నిప్ ఊరగాయ ఈసారి దాటలేదు.

“కొలిమితిత్తిలా ఊదేదాన్ని పిలుస్తారా!” అని నాయనమ్మ అన్నం గిన్నెతో చెప్పుకుంది.

మిత్సుయో గారు మొహం వేలాడేసుకుని తిరిగొచ్చారు.

“మూతికి మాస్కు కట్టారు కినుయె గారూ. ఊదేదెలా? రేకు చిరిగిపోయింది.”

“అయ్యో, ఎంత కష్టం!” అంది నాయనమ్మ. అంత తియ్యటి గొంతు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

మర్నాడే తనను పంపమని టీచరమ్మకు కబురు పెట్టింది. తోడు నేను వెళ్లాను. తెల్ల తొడుగులో నాయనమ్మ ఆవిరికుడుములా ఉంది. రేకును గాజు మీద వేసింది. అటూ ఇటూ చూసింది. మాస్కు గడ్డం కిందకి లాగి ‘ఫూ’ అంది.

రేకు అద్దంలా పరుచుకుంది. టీచరమ్మ కెవ్వుమంది.

సూక్ష్మదర్శిని తెర మీద చదునైన మైదానం, అందులో అక్కడక్కడ కొండలు.

“ఏమిటవి?” అంది నాయనమ్మ.

“మీ ఉమ్మి చుక్కలండీ. ఇది కొలతకు పనికిరాదు.”

బస్సులో ఆమె పక్కన కూర్చుని ఉండబట్టలేక అడిగాను. “అయితే నాయనమ్మా, నువ్వూ మిత్సుయో గారూ సమానంగా ఓడిపోయినట్టేగా?”

“సమానమేమిటే? ఆవిడది చిరిగింది, నాది చిరగలేదు. రేపు ఆవిడ వినేలా ఆ మాట నువ్వే గట్టిగా అనాలి.”