పది గంటలకు సున్నా

పెద్ద సార్ పోయారన్న కబురు నాకు ఫోన్‌లోనే వచ్చింది. సూరత్ పర్వత్ పాటియాలో మా ఇంట్లో పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుంటూ ఉంటే బడి గ్రూపులో మా ప్యూను ఒక ముక్క పెట్టాడు. "పెద్ద సార్ లేరు. టీ తాగుకుంట కూసున్నకాడనే పాణం పోయింది." అర నిమిషంలో దాని కింద దండాల బొమ్మలు వరసకట్టాయి. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక చూసుకుంటే సిగ్గేసింది. నాకు పాఠం చెప్పడం నేర్పిన మనిషికి నేనిచ్చింది ఒక బొమ్మ. సరే, నాలుగు మాటలు రాద్దామని "మహానుభావుడు" అని మొదలుపెట్టాను. వెంటనే చెరిపేశాను. ఆ మాట రాసే అర్హత బడిలో అందరికీ ఉంది, నాకు తప్ప.

ఎందుకంటే ఆయనకు నేనొక అన్యాయం చేశాను. బడులు మూతపడిన ఏడాది చేశాను. ఆయన బతికుండగా చెప్పుకోలేకపోయాను. అది చెప్పకుండా ఆయన గురించి ఎంత మంచిగా రాసినా దొంగ రాతే అవుతుంది. అందుకని మీకు మొత్తం చెబుతాను.

సూరత్‌లో తెలుగు బడి ఏమిటని కొందరు ఆశ్చర్యపోతారు. కరీంనగర్ వైపు నుంచి సాంచాలు, అదే మరమగ్గాలు, నడపడానికి వచ్చినవాళ్ళు ఇక్కడ వీధులకు వీధులున్నారు. వాళ్ళ పిల్లలు దుకాణంలో గుజరాతీ, ఆటలో హిందీ, అమ్మతో తెలుగు మాట్లాడతారు. ఆ పిల్లల కోసం ఉన్న బడి మాది. పెద్ద సార్ కూడా చిన్నప్పుడు వాళ్ళ నాన్న వేలు పట్టుకుని రైలు దిగినవాడే. డిగ్రీ చదువుతూ రెండేళ్ళు రాత్రి పాలీ చేశారట. పాలీ అంటే షిఫ్టు. సాంచాల దగ్గర పన్నెండు గంటల పాలీ, ఏడుకి ఎక్కితే మళ్ళీ ఏడుకే దిగడం. అందుకే పిల్లాడు క్లాసులో కునుకు తీస్తే ఆయన కోప్పడేవారు కాదు. "మీ నాయిన ఇయ్యాల పొద్దటి పాలీయా? నాలుగింటికే లేపిండ్రా మిమ్మల్ని?" అని అడిగేవారు.

ఆయన హెడ్మాస్టరు కాదు, లెక్కల సారు; వయసుకే పెద్ద సార్. కొత్త సుద్దముక్క తీయగానే రెండుగా విరిచి సగం ఎవరో ఒక పిల్లకి ఇచ్చేవారు. లెక్క ఆయన సగం చేస్తే మిగతా సగం ఆ పిల్ల చెయ్యాలి. "అర్థమైందా" అని ఒక్కనాడూ అడగలేదు. నేను అడుగుతుంటే విని స్టాఫ్ రూములో అన్నారు: "అర్థమైందా అంటే పిల్లలు సిగ్గుకు అయిందంటరు బిడ్డా. ఏడిదాక అయింది అని అడుగు. అప్పుడు నిజం జెప్తరు."

నేను చేరిన కొత్తలో నా క్లాసు సంత. గొంతు చించుకున్నా ఎవరూ వినేవారు కాదు. ఒకరోజు పెద్ద సార్ గుమ్మంలో నిలబడి చూసి, లోపలికొచ్చి చివరి బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నారు. "చెప్పు బిడ్డా, నేను గూడ ఇంట," అన్నారు. క్లాసంతా టక్కున నోరు మూసుకుంది. బయటికొచ్చాక ఒక్కటే మాట. "నువ్వు ముంగటి బెంచికి జెప్తున్నవు. ఎన్క బెంచికి జెప్పు. ముంగటోళ్ళకు ఎట్లయిన ఇనవడ్తది." ఈ రోజుకీ నాకు చేతనైన పంతులుతనం ఏదైనా ఉంటే అది ఆ ఒక్క మాటే. అలాంటి మనిషికి నేను చేసింది వినండి.

బడులు మూసేశారు. సాంచాలు ఆగాయి. జనం మూటలు కట్టుకుని ఊళ్ళకు పోయారు, వానాకాలంలో మళ్ళీ వచ్చారు. సాంచాలైతే నడిచాయి గాని బడి తెరవలేదు. పాఠాలు ఫోన్‌లో చెప్పమన్నారు. రోజూ పది గంటలకు లింకు పంపాలి, పిల్లలు అందులో చేరాలి, సాయంత్రానికి ఏ తరగతిలో ఎంతమంది చేరారో పై ఆఫీసుకి అంకె పంపాలి. నేను అప్పటికి తాత్కాలిక టీచర్ని, వయసులో చిన్నదాన్ని, ఫోన్ బాగా వచ్చు. ఆ అంకెల పని నాకు అప్పగించారు. బడికి నేనే దిక్కన్నట్టు మిడిసిపడ్డాను లెండి.

పెద్ద సార్‌కి లింకు నేర్పింది కూడా నేనే. మొదటి రోజు ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి పాఠం మొదలుపెట్టారు. తెర మీద పైన తిరిగే పంకా తప్ప ఏమీ లేదు. నేను పడీపడీ నవ్వాను. ఆయనా నవ్వారు. తర్వాత నా క్లాసు చూపించమన్నారు. ముప్పై ఆరు మంది చేరారని గొప్పగా చూపించాను. చిన్న చిన్న గళ్ళలో పేర్లే ఉన్నాయి, ముఖాలు లేవు. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ముప్పై ఆరుగురు ఉన్నరు గద. ఒక్కల గొంతు ఇనిపియ్యి బిడ్డా."

"అందర్నీ మ్యూట్‌లో పెట్టాను సార్, గోల చేస్తారని."

"గోల జెయ్యకుంటె ఉన్నరని ఎట్ల తెలుస్తది?"

ముసలాయనకి ఇవి తెలియవులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ముప్పై ఆరులో సగం దొంగ లెక్క. నా క్లాసు పిల్లల ఇళ్ళలో ఒకటే టచ్ ఫోన్. అది నాన్న జేబులో సాంచాల దగ్గరికి పోతుంది. నేను పంపిన లింకు అక్కడ నాన్న వేలు తగిలి తెరుచుకుంటే, ఇంట్లో బట్టలుతుకుతున్న పిల్లకి నేను హాజరు వేసేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు. పైనుంచి శభాష్ అంటుంటే తెలియనట్టు ఉన్నాను.

పెద్ద సార్ ఏడో తరగతిలో ఉన్నదే పద్నాలుగు మంది, ఎవరింట్లోనూ అసలు టచ్ ఫోనే లేదు. పది గంటలకు ఆయన లింకు తెరిచి కూర్చుంటే ఒక్కరూ రారు. వారం చూశారు. ఆ తర్వాత ముక్కుకి గుడ్డ కట్టుకుని, సైకిలేసుకుని బమ్రోలి గల్లీలన్నీ తిరిగి, ఏ పిల్ల నాన్న ఏ పాలీలో ఉన్నాడో ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. పగటి పాలీ నాన్నయితే సాయంత్రం ఏడున్నర తర్వాత ఆ ఇంట్లో ఫోన్ ఉంటుంది. రాత్రి పాలీ నాన్నయితే పొద్దున అతను ఇంటికొచ్చి స్నానం చేసి తినే గంటసేపు దొరుకుతుంది, తర్వాత దిండు కిందికి పోతుంది. పదిహేను రోజులకోసారి పాలీలు మారతాయి. పాలీలు మారితే ఆయన టైంటేబుల్ మారేది. మామూలు డబ్బా ఫోన్‌తో ఒక్కో పిల్లకి విడివిడిగా పాఠం.

ఒకసారి ఏదో సంతకం కోసం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని ఫోన్‌లో అరుస్తున్నారు. "తలుపు తెరువు బేటా. జర. ఇంక జర. గోడకు తాకిచ్చినవా? అరె, అంత కాదు. సగం మూయి. ఆఁ, అగో, గదే లంబకోణం. ఇప్పుడు ఇంక జర మూసినవనుకో, ఏమైతది?" అటునుంచి వాళ్ళమ్మ గొంతు వినబడింది, తలుపుతో ఏం ఆటలని తిడుతోంది. "అమ్మా, తలుపు ఇరగది. చదువు నడుస్తున్నది," అని ఆమెకూ సర్దిచెప్పారు. ఆయన భార్యను నేను అక్క అని పిలుస్తాను. ఆమె నాకు టీ ఇస్తూ, "పొద్దుగాల అయిదుగురికి రొట్టె ముక్కలు జేయించిండు. అరపావు, పావు అనుకుంట. నా ఇల్లు ఇల్లు లెక్క లేదు," అంది. విసుక్కుంటూనే మురిసిపోతోంది. నేనూ నవ్వాను. చూశాను కదా మరి, నా రెండు కళ్ళతో చూశాను.

అయినా ఆ సాయంత్రం ఏడో తరగతి గడిలో సున్నానే వేశాను. అంతకు ముందు ఆయన్నే అడిగాను లెండి. "సార్, నేనేదో ఒక అంకె వేసేస్తాను, ఎవరు చూడొచ్చారు?" అన్నాను. "పది గంటలకు ఎవ్వరు లేరు గద బిడ్డా. లేనోళ్ళను ఉన్నరని ఎట్ల రాస్తవు? సున్న ఏసెయ్యి," అన్నారు. దాని పక్కన ఒక్క వాక్యం రాసి ఉండొచ్చు, ఈయన పద్నాలుగు మందికి ఫోన్ చేసి చెబుతున్నారని. అందుకు గడి లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

నెల తిరిగేసరికి పైనుంచి నాకు ఫోన్ వచ్చింది. ఏడో తరగతిలో రోజూ సున్నా ఏమిటి, ఆ సారు అసలు పాఠాలు చెబుతున్నారా లేదా అని అడిగారు. నిజం నోటిదాకా వచ్చింది. నా ఉద్యోగం ఆ ఏడాది పొడిగిస్తారో లేదో తెలియని రోజులవి. నా ముప్పై ఆరు చూసే వాళ్ళు నన్ను మెచ్చుకుంటున్నారు. ఫోన్‌లో పిల్లల గొంతు వినడమే చదువని తేలితే, మరి నీ పిల్లల గొంతులేవి అని నన్ను అడుగుతారు. భయమేసింది.

"లింకులోకైతే ఎవరూ రావట్లేదు సార్," అన్నాను.

చూడండి, అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అంత నికార్సైన నిజంతో ఒక మనిషి గొంతు కోయొచ్చని నాకప్పుడే తెలిసింది.

వారంలో ఏడో తరగతిని నా తరగతిలో కలిపేశారు. పెద్ద సార్‌ని ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూసే పనికి పంపారు. ఆయన పాండేసర మిల్లుల వెనక వీధుల్లో చేతిలో కాగితాలతో తిరుగుతూ ఒకరోజు మా ఇంటికొచ్చారు, ఆ నోటుబుక్కు పట్టుకుని. కుర్చీలో కూడా కూర్చోలేదు.

"పద్నాలుగు మంది పాలీలు ఇందుల ఉన్నయి బిడ్డా. పెన్సిలుతోని రాసిన, మారినప్పుడల్ల తుడుపుకో. ఇద్దరికి భిన్నాలు జర కచ్చగున్నయి, ఇంక పక్కాగ రాలే. ఫోన్ ఎత్తకుంటె కోప్పడకు, మల్ల చెయ్యి."

మూడు రోజులు చేశాను. రెండిళ్ళలో ఎత్తారు, ఒకచోట నాన్న నిద్ర చెడిందని విసుక్కున్నాడు. నాలుగో రోజు మానేశాను. నోటుబుక్కు మిక్సీ కింద ఎత్తుకి పెట్టుకున్నాను. అవును, మిక్సీ ఊగుతోందని. పాలీలు మారిపోయాయి, తుడిచి రాసినవాళ్ళు లేరు. ఆ పద్నాలుగు మందికి మాత్రం నేను రోజూ హాజరు వేస్తూనే ఉన్నాను. నా అంకె ఇంకా పెరిగింది. నా ఉద్యోగం నిలిచింది.

బడి తెరిచిన రోజు పెద్ద సార్ గేటు దగ్గరే నిలబడి పిల్లల్ని లెక్కపెట్టుకున్నారు. మధ్యాహ్నం నా దగ్గరికొచ్చారు. "మనోళ్ళల్ల అయిదుగురు రాలే బిడ్డా. నీ రిజిస్టర్ల ఉన్నరా?"

"ఉన్నారు సార్. ఏడాదంతా వచ్చారు."

ఆయన నా ముఖం వైపు ఒక్కసారి చూసి, "మంచిదే," అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు దులిపేసి ఉంటే ఆయన కాళ్ళ మీద పడి అంతా కక్కేసి ఉండేదాన్ని. ఆ "మంచిదే" నన్ను ఇన్నేళ్ళు తింటోంది.

ఆయన రిటైరైన రోజు సభలో అందరికంటే పొడుగ్గా మాట్లాడింది నేనే. ఎదురుగా దండ వేసుకుని తల వంచుకుని కూర్చున్నారు. అయ్యాక "సార్, మీతో ఒక మాట" అన్నాను. "చెప్పు బిడ్డా," అని ఆగారు. ఇంతలో ఎవరో ఫోటోకి లాగారు. నేను "ఏం లేదు సార్" అనేశాను. ఆయన ఉండే బమ్రోలి మాకు షేరాటోలో అరగంట. రెండేళ్ళలో ఒక్కసారీ పోలేదు. ఈసారి పండక్కి పోదాం, వచ్చే ఆదివారం పోదాం అని నన్ను నేనే ఏమార్చుకున్నాను.

అంత్యక్రియల్లో వెనక వరసలో నిలబడి వచ్చేశాను. అయిదో రోజు పొద్దున పలకరింపుకు వెళ్ళాను. వెళ్తూ దారంతా మాటలు కూర్చుకున్నాను, సార్‌కి చెప్పలేనిది అక్కకైనా చెప్పాలని. ఆమె నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. "అక్కా, నేను సార్‌కి..." అని మొదలుపెట్టేసరికి గూట్లో డబ్బా ఫోన్ మోగింది.

ఆమె దాని వైపు భయంగా చూసింది. "ఎవలో పిల్ల. రెండేండ్ల సంది వాళ్ళ నాయిన పాలీ దిగంగనే చేస్తది, పదిహేనొద్దులు పొద్దుగాల, పదిహేనొద్దులు రాత్రి, ఆయన లెక్కలు జెప్తడు. పోయిన కాన్నుంచి రోజు మోగుతనే ఉన్నది. ఎత్తి ఏం జెప్పాలె? నాకు నోరొస్తలేదు. నువ్వు టీచరమ్మవు గద, నువ్వు జెప్పు బిడ్డా."

ఎత్తాను.

"సార్! ఏంది సార్, నాలుగొద్దుల సంది ఎత్తుతలేరు? పాణం మంచిగ లేదా? నాయిన పాలీ దిగొచ్చిండు, ఫోన్ ఇచ్చిండు. పదో తరగతి పరీక్ష ఇంక నెలే ఉన్నది సార్."

పేరు అడిగాను. చెప్పింది. బడి తెరిచినప్పుడు రాని అయిదుగురిలో ఒకతె. ఇన్నాళ్ళూ ఇంట్లో చీరలకు రాళ్ళు అంటిస్తోందని ఎవరో అంటే విన్నాను. ప్రైవేటుగా పరీక్ష కడుతోందని, కట్టించింది పెద్ద సారని నాకు తెలియదు.

"నేను టీచర్‌నమ్మా. ఏడో తరగతిలో నీకు..." అన్నాను.

"ఏడుల మాకు పెద్ద సారే గద," అంది. "తర్వాత ఎవ్వరు లేకుండె. మీరెవరు?"

ఆ పిల్ల పేరు ఎదురుగా ఏడాది పొడుగునా రోజూ హాజరు వేసిన చెయ్యి ఇది. ఏం చెప్పను? సార్ పోయారని మాత్రం చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. అటునుంచి వెక్కిళ్ళు. వెనక నుంచి వాళ్ళమ్మ గాభరాగా అడుగుతోంది, ఏమైందే, ఎందుకేడుస్తున్నవే, ఎవరే ఫోన్ల అని.

"అమ్మా, సార్ సచ్చిపోయిండట," అంది ఆ పిల్ల.

"అయ్యో! ఎవరు జెప్తున్నరే?"

"ఏమో అమ్మా. ఎవరో టీచరట."