మహబూలాలో పగిలిన గుమ్మడికాయ

నిన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. ఈ అరబ్బు దేశంలోనే హవల్లీ అనే పేటలో కొత్త ఫ్లాట్‌లో చేరుతోందట, గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టాలా వద్దా అని సందేహం. "నిమ్మకాయతో సరిపెట్టుకో తల్లీ" అన్నాను. ఎందుకని అడిగింది గానీ, ఫోన్‌లో తేలే కథ కాదది.

మూడేళ్ళ కిందట మహబూలాలో ఆరుగురు ఆడవాళ్ళం కలిసి ఓ ఫ్లాట్ తీసుకున్నాం. సముద్రం రెండు వీధుల అవతలే ఉన్నా మా కిటికీలోంచి కనిపించేది పక్క బిల్డింగు ఏసీలే. హాలుకు అడ్డంగా ప్లైవుడ్ కొట్టించి రెండు గదులనుకునేవాళ్ళం. అవతల ఎవరైనా తుమ్మితే ఇవతలివాళ్ళు "నూరేళ్ళు" అనేవారు, అంత గుట్టు! మాలో రాజంపేట వైపు ఒకావిడ ఉండేది, అందరికీ పెద్దమ్మ. సబా అల్ సలేంలో ఓ ముసలి మామా, అంటే ఇంటి యజమానురాలి, ఇంట్లో పదేళ్ళు వంట చేసింది. ఆ మామా పోయాక పనికి కొత్త ఇల్లు దొరికింది గానీ, ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు, ఇంకా ఆ కొత్త ఇంటివాళ్ళ పేరుకు మారలేదు. ఈలోగా పోలీసులు కార్డు అడిగారా, ఖలాస్, విమానమెక్కించేస్తారు. ఊళ్ళో కూతురి నర్సింగ్ చదువు ఇంకో ఏడాది మిగిలుంది. అందుకే ఆవిడ కిందున్న రొట్టెల కొట్టుకు కూడా వెళ్ళేది కాదు.

చేరిన శుక్రవారం పొద్దున, దిష్టి తియ్యందే సామాను సర్దనివ్వనంది. గుమ్మడికాయ మగవాళ్ళే కొట్టాలి కదా అని నసిగాను. "ఈ దేశంలో మగోళ్ళ పనులన్నీ మనమే చేస్తాండాం. ఇదొకటి ఎక్కువైందా పాపా?" అంది. కాయకు చిల్లు పెట్టి, కుంకుమ దండిగా నింపి, కర్పూరం వెలిగించి, మమ్మల్ని వరసగా నిలబెట్టి మా చుట్టూ తిప్పి, లిఫ్టు ముందు ధడేల్మని కొట్టింది. వెంటనే తుడవకూడదని కూడా శాసించింది. మన ఊళ్ళలో అయితే ఆ ముక్కల్ని తొక్కకుండా జనం పక్కనుంచి పోతారు. ఇక్కడ లిఫ్టులోంచి దిగింది మా బిల్డింగు హారిస్, ఈజిప్టు నుంచి వచ్చిన కాపలాదారు. గోడ మీద, నేల మీద ఆ ఎరుపు చూసి, ఎవరినో పొడిచేశారనుకుని, కేకలు పెడుతూ మెట్ల మీదుగానే పరుగెత్తి పోలీసులకు ఫోన్ చేశాడు.

పావుగంటలో బెల్లు మోగింది. "బాత్రూంలో దాక్కో పెద్దమ్మా" అని బతిమాలాను. "నేను జేసిన పనికి మీరెందుకు జవాబు చెప్పాల?" అని తనే తలుపు తీసింది. నడివయసు పోలీసు ఒకాయన కుంకుమను వేలితో తాకి, వాసన చూసి, ఇదేమిటని అరబ్బీలో అడిగాడు. పెద్దమ్మ రెండు వేళ్ళు తన కళ్ళవైపు చూపించి, "అయిన్, బాబా, హసద్" అంది. చెడ్డ కన్ను, ఓర్వలేనితనం అని. ఆయన ముఖం విప్పారింది. వాళ్ళమ్మ కూడా పటిక కాల్చి దిష్టి తీస్తుందట! వెనక నక్కిన హారిస్‌ని చూసి పగలబడి నవ్వి, "యల్లా, కడిగేయండి" అని లిఫ్టెక్కాడు. కార్డు మాటే ఎత్తలేదు.

పెద్దమ్మ గుమ్మంలోనే కూలబడి, ఏడుపో నవ్వో తెలియకుండా కొంగుతో మొహం తుడుచుకుంది. వారం తిరక్కుండా ఇఖామా వచ్చింది, కూతురు ఇప్పుడు నర్సు. ఈ దేశంలో నా ఏళ్ళు ఎటు పోయాయో అడిగితే చెప్పలేను. ఆ లిఫ్టు తలుపులు మూసుకునేలోగా పెద్దమ్మ పదేళ్ళూ చేజారిపోయి మళ్ళీ చేతికొచ్చాయి. అంత పొడుగాటి నిమిషాన్ని నేనింకెప్పుడూ చూడలేదు.